లింగోజిగూడెం మందు, చిట్యాల తలనొప్పి

హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే 65వ నంబరు జాతీయ రహదారి మీద, చౌటుప్పల్ పక్కనే లింగోజిగూడెం ఉంది. మురళి దివి 1990లో మొదలుపెట్టిన దివీస్ లేబొరేటరీస్, తన మొదటి ఫ్యాక్టరీని 1995లో అక్కడ నడపడం మొదలుపెట్టింది. అప్పటికి అది నల్లగొండ జిల్లా. 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు యాదాద్రి భువనగిరిలోకి పోయింది. నాప్రోక్సెన్ అనే నొప్పి మందు ముడిసరుకును ప్రపంచంలో అందరికన్నా ఎక్కువ చేసేది ఈ కంపెనీయే. అమెరికాలో ఆ మందును 1994 నుంచి డాక్టరు చీటీ లేకుండానే అమ్ముతున్నారు. తలనొప్పికీ నడుమునొప్పికీ అక్కడివాళ్లు అలవాటుగా వేసుకునే గోలీల్లో అదొకటి.

అదే రోడ్డు మీద గుండ్రాంపల్లి, వెలిమినేడు, పెద్దకాపర్తి దాటి వస్తే చిట్యాల. ఇక్కడి మందుల షాపులో నాప్రోక్సెన్ అని పేరు పెట్టి అడిగేవాళ్లు అరుదు. "అన్నా, పొద్దటి సంది నెత్తి నొస్తుంది, ఒక గోలి ఇయ్యి" అంటారు. షాపాయన "తిన్నవా? గ్యాస్ ఉన్నదా?" అని ఒక మాట అడుగుతాడు, కత్తెరతో పట్టీలోంచి రెండు గోలీలు కత్తిరించి చేతిలో పెడతాడు. అది పారాసిటమాల్ కావచ్చు, ఐబుప్రొఫెన్ కావచ్చు, ఎసిక్లోఫెనాక్‌తో పారాసిటమాల్ కలిపింది కావచ్చు. కొన్నవాళ్లలో చాలామందికి అదేమిటో తెలియదు. తెలుసుకుందామన్నా, మందు పేరున్న ముక్క షాపులోనే మిగిలిపోతుంది.

ఇన్ని గోలీల్లో తలనొప్పికి ఏది మేలు? ఈ ప్రశ్న మీద దేశదేశాల్లో మంచి పరీక్షలే జరిగాయి. వాటిలో తేలిందాన్ని ముందే చెప్పేస్తాను: మామూలు తలనొప్పిని తగ్గించడంలో ఈ గోలీల మధ్య తేడా చాలా తక్కువ. కడుపుకూ కిడ్నీకీ గుండెకూ అవి చేసే చెరుపులోనే తేడా ఎక్కువ. నెలలో ఎన్ని రోజులు వేసుకున్నామన్నది మందు పేరుకన్నా పెద్ద విషయం.

ఏ తలనొప్పి గురించి ఈ మాట?

తలనొప్పులన్నీ ఒకటి కావు. ఇక్కడ మాట్లాడుతున్నది డాక్టర్లు టెన్షన్ తలనొప్పి అనేదాని గురించి. తల చుట్టూ రుమాలు బిగించి కట్టినట్టు, రెండు పక్కలా పట్టేసినట్టు ఉంటుంది. కొట్టుకుంటున్నట్టు ఉండదు. మెడ వెనక, కణతల దగ్గర ఒత్తితే కండరాలు నొస్తాయి. అరగంటలో పోవచ్చు, వారం దాకా సతాయించవచ్చు. నడిచినా మెట్లెక్కినా పెరగదు, వాంతి రాదు. పని సాగుతూనే ఉంటుంది, చిరాకుగా సాగుతుంది. ఒక పక్కనే పోటు పెడుతూ, వెలుతురు చూడనీయకుండా, వాంతి తెప్పించి మంచాన పడేసేది మైగ్రేన్. దాని లెక్క వేరు, మందులు కూడా కొంత వేరు.

ఈ టెన్షన్ తలనొప్పి ప్రపంచంలో సుమారు నాలుగో వంతు మందికి ఉందని అంచనా. మనకు దగ్గరగా కర్ణాటకలో ఇంటింటికీ తిరిగి చేసి, 2015లో ప్రచురించిన సర్వేలో ఏడాది కాలంలో టెన్షన్ తలనొప్పి వచ్చినవాళ్లు 35 శాతం, మైగ్రేన్ వచ్చినవాళ్లు 25 శాతం తేలారు. మన పల్లెలకు ఈ జబ్బు కొత్త కాదు. సంస్థాన్ నారాయణపురం మండలం పుట్టపాకలో తేలియా రుమాలు నేసేవాళ్లు చిటికీ కట్టిన దారం గుర్తులు కలిసేలా మెడ వంచి గంటల తరబడి చూస్తూనే ఉంటారు. రాత్రంతా లారీ తోలే డ్రైవరు, పత్తి చేలో నడుము వంచి ఏరే ఆడమనిషి, ఫోన్ మీదికి వంగిన ఇంటర్ పిల్లవాడు, వీళ్లందరి మెడకండరాలకూ అదే శిక్ష. నిద్ర తక్కువ కావడం, పూట తప్పడం, మనసులో దిగులు దీన్ని ఇంకా రాజేస్తాయి. అరుదుగా వచ్చినప్పుడు నొప్పి ఎక్కువగా ఆ కండరాల దగ్గర పుడుతుంది. నెలకు పదిహేను రోజులకు మించి నెలల తరబడి వస్తుంటే మాత్రం మెదడులో నొప్పిని అందుకునే ఏర్పాటే మరీ సున్నితంగా మారిపోతుంది. అందుకే అరుదుగా వచ్చేదానికి పనిచేసిన గోలి రోజూ వచ్చేదానికి పనిచేయదు.

గోలి చేసే పని

ఆస్పిరిన్‌ను బేయర్ కంపెనీ 1899లో అమ్మకానికి పెట్టింది. అది నొప్పిని ఎట్లా తగ్గిస్తుందో తేలడానికి ఇంకో డెబ్బై ఏళ్లు పట్టింది. 1971లో లండన్‌లో జాన్ వేన్ దాన్ని తేల్చాడు. దెబ్బతిన్నచోట, అలసినచోట మన శరీరం ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను తయారుచేస్తుంది. అవి అక్కడి నరాల కొసలను సున్నితం చేసి, చిన్న ఒత్తిడిని కూడా నొప్పిగా పైకి పంపిస్తాయి. వాటిని తయారుచేసే ఎంజైమును ఆస్పిరిన్ అడ్డుకుంటుంది. ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్, డైక్లోఫెనాక్ అన్నీ అదే ఎంజైము మీద పనిచేసే, వాపు తగ్గించే మందులు. వేన్‌కు 1982లో ఇద్దరు స్వీడన్ శాస్త్రవేత్తలతో కలిపి నోబెల్ వచ్చింది.

తంటా కూడా అక్కడే ఉంది. అవే ప్రోస్టాగ్లాండిన్లు కడుపులో ఆమ్లం గోడను తినకుండా జిగురుపొరను కాపాడతాయి. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందేలా చూస్తాయి. నెత్తినొప్పికని వేసుకున్న గోలి నెత్తికే పోదు. రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది, కడుపులోనూ కిడ్నీలోనూ ఆ కాపలాను తీసేస్తుంది. పారాసిటమాల్ ఈ కుటుంబంలోది కాదు. వాపు మీద దాని ప్రభావం దాదాపు లేదు. అందుకే కడుపుకూ కిడ్నీకీ అది తేలిక. దాని ప్రమాదం కాలేయానికి. రోజుకు నాలుగు గ్రాములు దాటితే, అంతకన్నా తక్కువే వేసుకున్నా రోజూ తాగే అలవాటుంటే, ముప్పు.

రెండు గంటల తర్వాత

తలనొప్పి మందును పరీక్షించే పద్ధతి సూటిగా ఉంటుంది. నొప్పి మొదలైనవాళ్లలో కొందరికి అసలు మందు, కొందరికి చూడ్డానికి అట్లాగే ఉండే ఉత్త గోలి ఇస్తారు. ఎవరికి ఏది ఇచ్చారో ఇచ్చినవాళ్లకూ పుచ్చుకున్నవాళ్లకూ తెలియదు. రెండు గంటల తర్వాత ఎందరికి నొప్పి పూర్తిగా పోయిందో లెక్కపెడతారు.

ఇలాంటి పరీక్షలన్నిటినీ కలిపి చూసే కోక్రేన్ సంస్థ 2015లో ఐబుప్రొఫెన్ లెక్క చెప్పింది. 400 మిల్లీగ్రాముల గోలి వేసుకున్న నూరు మందిలో 23 మందికి రెండు గంటల్లో నొప్పి పూర్తిగా పోయింది. ఉత్త గోలి వేసుకున్న నూరు మందిలో 16 మందికి పోయింది. అంటే మందు వల్ల అదనంగా మేలు జరిగింది ఏడుగురికి. మరుసటి ఏడు పారాసిటమాల్ లెక్క వచ్చింది: 1000 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్లలో 24 మంది, ఉత్త గోలి వాళ్లలో 19 మంది. అదనంగా ఐదుగురు. నొప్పి పూర్తిగా పోకపోయినా కొంచెమే మిగిలితే చాలనుకొని లెక్కపెడితే ఐబుప్రొఫెన్, పారాసిటమాల్, కీటోప్రొఫెన్ మూడూ ఇంచుమించు ఒకచోటే నిలుస్తాయి. ప్రతి తొమ్మిది పది మందిలో ఒక్కరికి, ఉత్త గోలితో దక్కని మేలు మందుతో దక్కుతుంది.

ఈ అంకెలు చదివి "ఇంతేనా?" అని చాలామంది నిరాశపడతారు. నాకైతే ఇందులో ఆసక్తి కలిగించేది ఉత్త గోలే. 2003లో అచ్చయిన ఒక పరీక్షలో 542 మందికి ఆస్పిరిన్, పారాసిటమాల్, ఉత్త గోలి ఇచ్చి, రెండు గంటల తర్వాత "ఊరట కలిగిందా?" అని అడిగారు. ఆస్పిరిన్ 1000 మిల్లీగ్రాములు వేసుకున్నవాళ్లలో 76 శాతం, పారాసిటమాల్ 1000 వేసుకున్నవాళ్లలో 71 శాతం అవునన్నారు. ఉత్త గోలి వేసుకున్నవాళ్లలో కూడా 54 శాతం మంది అవునన్నారు. ఈ తలనొప్పి చాలాసార్లు దానంతటదే పోతుంది. గోలి వేసుకున్నామన్న ధీమా ఇంకొంత తగ్గిస్తుంది. సూదికి ఆ ధీమా ఇంకా ఎక్కువ. పల్లెల్లో "ఆ ఆర్ఎంపీ చెయ్యి మంచిది, ఒక్క సూదితో దిగిపోయింది" అనే మాట వెనక ఈ ధీమా వాటా కూడా చాలా ఉంది. డైక్లోఫెనాక్ సూది వేసినచోట చీముగడ్డలు కట్టి అవస్థ పడినవాళ్ల గురించి మాత్రం అంతగా మాట్లాడుకోరు. టెన్షన్ తలనొప్పికి సూది అవసరమే లేదు.

అదే 2003 పరీక్షలో పారాసిటమాల్ 500 మిల్లీగ్రాములు ఉత్త గోలిని స్పష్టంగా మించలేకపోయింది. పెద్దవాళ్లు ఒక 500 గోలి వేసుకొని "నాకిది పనిచేయదు" అని గట్టి మందుకు మారుతుంటారు. చాలాసార్లు పనిచేయనిది మందు కాదు, మోతాదు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకు రెండు 500 గోలీలు ఒకసారి వేసుకోవడమే పరీక్షల్లో నిలిచిన మోతాదు.

ఒక్కొక్క గోలి గుణం

నొప్పి తగ్గించడంలో సాటి అయితే మరి ఎంచుకునేది దేన్ని చూసి? యూరోపు నాడీవైద్యుల సంఘం 2010లో ఇచ్చిన మార్గదర్శకాలు ఈ తలనొప్పికి పారాసిటమాల్, ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, కీటోప్రొఫెన్, నాప్రోక్సెన్, డైక్లోఫెనాక్ అన్నీ పనికొస్తాయని చెప్పి, వాపు తగ్గించే మందుల్లో ముందుగా ఐబుప్రొఫెన్ 400ను సూచించాయి. అది ఎక్కువ తగ్గిస్తుందని కాదు, అదే తరగతిలో కడుపును తక్కువ బాధిస్తుందని.

ఐబుప్రొఫెన్‌ను కనిపెట్టింది ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌కు చెందిన స్టూవర్ట్ ఆడమ్స్. కీళ్లవాతానికి ఆస్పిరిన్‌కన్నా ఓర్చుకోగలిగే మందు వెతుకుతూ, జాన్ నికల్సన్ అనే రసాయన శాస్త్రవేత్తతో కలిసి వందల రసాయనాలను వడపోశాడు. 1969లో అది బ్రిటన్ మార్కెట్లోకి వచ్చింది. మాస్కోలో ఒక సభలో మాట్లాడాల్సిన పొద్దున, ముందురాత్రి తాగిన వోడ్కాతో తల పగిలిపోతుంటే ఆడమ్స్ తన మందునే 600 మిల్లీగ్రాములు వేసుకున్నాడు, సభలో మాట్లాడాడు. దాన్ని పరీక్ష అనలేం, కానీ తలనొప్పికి ఆ మందు వాడినవాళ్లలో కనిపెట్టినవాడూ ఒకడు. అది గంట, గంటన్నరలో రక్తంలో నిండుతుంది. రెండు గంటలకు సగం చొప్పున తరిగిపోతుంది. ఒక పూట తలనొప్పికి అంత చాలు.

నాప్రోక్సెన్ స్వభావం దీనికి ఎదురు. రక్తంలో సగం తరగడానికి 12 నుంచి 17 గంటలు పడుతుంది. కీళ్లనొప్పి ఉన్నవాళ్లకు రోజుకు రెండు గోలీలతో సరిపోతుంది గనుక అది వరం. తలనొప్పికి వచ్చేసరికి, సాయంత్రానికి నొప్పి పోయినా మందు మరునాడు కూడా ఒంట్లో ఉంటుంది. నాప్రోక్సెన్ సోడియం రూపం కొంత త్వరగా ఎక్కుతుంది. 375 మిల్లీగ్రాముల నాప్రోక్సెన్‌ను 1000 మిల్లీగ్రాముల పారాసిటమాల్‌తో పోల్చి 2002లో ప్రచురించిన పరీక్షలో రెండూ ఉత్త గోలిని మించాయి, వాటి మధ్య మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. లింగోజిగూడెంలో తయారయ్యేది ప్రపంచ ప్రసిద్ధమైన మందే, అయినా చిట్యాల తలనొప్పికి పారాసిటమాల్‌కన్నా పెద్ద గుణమేమీ చూపదు.

తయారీలో మాత్రం దానికో విశేషముంది. నాప్రోక్సెన్ అణువు అద్దంలో ప్రతిబింబంలా రెండు రూపాల్లో పుడుతుంది. నొప్పి తగ్గించేది ఒకటే. రెండోది దేనికీ పనికిరాదు, కాలేయానికి చేటు. ఐబుప్రొఫెన్‌కూ రెండు రూపాలున్నాయి గానీ, పనికిరానిదాన్ని మన శరీరమే చాలావరకు పనికొచ్చేదిగా మార్చుకుంటుంది. అందుకని కలిపే అమ్ముతారు. నాప్రోక్సెన్‌కు ఆ వీలు లేదు. ఫ్యాక్టరీలోనే ఒక రూపాన్ని వేరుచేసి, మిగిలినదాన్ని మళ్లీ మార్చి వాడుకోవాలి. టన్నుల లెక్కన ఆ పనిని చవకగా, శుద్ధిగా చేయగలగడమే దివీస్‌ను ఆ స్థానంలో నిలబెట్టింది. 

డైక్లోఫెనాక్ మనవాళ్లకు బాగా తెలిసిన పేరు. 684 మంది మీద చేసి 2003లో అచ్చువేసిన పరీక్షలో డైక్లోఫెనాక్ పొటాషియం 12.5, 25 మిల్లీగ్రాముల చిన్న మోతాదులే ఐబుప్రొఫెన్ 400తో సమానంగా పనిచేశాయి. మన దగ్గర అలవాటైన గోలి 50. పైగా డైక్లోఫెనాక్ సోడియం గోలీలకు కడుపులో కరగకుండా పూత ఉంటుంది. అవి పేగుల్లోకి చేరి పనిచేసేలోపు తలనొప్పి దానంతటదే పోవచ్చు. పశువులకు వేసిన ఈ మందు కళేబరాల ద్వారా రాబందుల కిడ్నీలు పాడుచేసి వాటిని మట్టుబెట్టిందని 2004లో తేలింది, 2006లో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మనుషులకూ రాబందులకూ పోలిక పెట్టడం సరికాదు గానీ, కిడ్నీకి ఈ తరగతి మందులతో ఉన్న పేచీ కొత్తది కాదని దీంతో తెలుస్తుంది.

ఎసిక్లోఫెనాక్ దానికి దగ్గరి చుట్టం. పారాసిటమాల్‌తోనో, కండరాలు సడలించే మందుతోనో, సెరాషియోపెప్టిడేజ్‌తోనో కలిపి విరివిగా అమ్ముతారు. ఆ యూరోపు జాబితాలో దాని పేరు లేదు. కండరాల మందులను ఈ తలనొప్పికి వాడవద్దనే ఆ మార్గదర్శకాలు చెప్పాయి. నిమెసులైడ్ గురించి ఒక్క మాట చాలు. కాలేయం భయంతో 2011లో మన దేశంలో పన్నెండేళ్ల లోపు పిల్లలకు దాన్ని ఆపేశారు. అమెరికాలో దానికి అనుమతే రాలేదు. తలనొప్పికి ఇన్ని మందులుండగా దాని జోలికి పోనక్కరలేదు.

గుండె, కడుపుల లెక్క 2013లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. వందల పరీక్షలను కలిపి చూశారు. అవి పెద్ద మోతాదులో రోజూ వేసుకునే కీళ్లనొప్పులవాళ్లవి అన్నది గుర్తుంచుకోవాలి. డైక్లోఫెనాక్ గుండెపోటు వంటి ముప్పును సుమారు మూడో వంతు పెంచింది. నాప్రోక్సెన్ పెంచలేదు. కడుపులో రక్తస్రావం వంటి ఆపదలు అన్నిటితోనూ పెరిగాయి: డైక్లోఫెనాక్‌తో రెండింతలకు దగ్గరగా, పెద్ద మోతాదు ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్‌తో నాలుగింతలు. గుండెకు మంచిదని నాప్రోక్సెన్ పట్టుకుంటే కడుపు దగ్గర చెల్లించాల్సి వస్తుంది. గుండెజబ్బుకు రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకునేవాళ్లకు ఇంకో చిక్కుంది. ముందుగా ఐబుప్రొఫెన్ వేసుకుంటే ఆస్పిరిన్ రక్తం గడ్డకట్టకుండా చేసే పనికి అది అడ్డు తగులుతుంది. అలాంటివాళ్లు తలనొప్పికి పారాసిటమాల్‌తో సరిపెట్టుకోవడం మేలు.

నల్లగొండ ఎండ, నల్లగొండ నీళ్లు

వేరే దేశాల్లో చేసిన పరీక్షల ఫలితాలను ఇక్కడికి తెచ్చేటప్పుడు మన వాతావరణాన్ని కలుపుకోవాలి. మేలో ఇక్కడ ఎండ 44, 45 డిగ్రీల దాకా పోతుంది. పొద్దంతా చేనులోనో, ఇటుకబట్టీ దగ్గరో, క్రషర్ దగ్గరో పనిచేసి చెమటోడ్చినవాళ్లకు నెత్తి నొస్తే అది తరచు నీళ్లు తగ్గిన నొప్పి. ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు కిడ్నీకి రక్తం అందించేది ఆ ప్రోస్టాగ్లాండిన్లే. సరిగ్గా అప్పుడే డైక్లోఫెనాక్ వేసుకుంటే ఆ ఆసరాను మనమే తీసేసినట్టు. నీడకు చేరి, ఉప్పు వేసిన మజ్జిగో ఓఆర్ఎస్సో తాగి, గంట ఆగి చూడటం ఆ పూటకు మొదటి మందు. అప్పటికీ తగ్గకపోతే పారాసిటమాల్.

బీపీ మందు వేసుకునేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. టెల్మిసార్టన్ వంటి మందు, మూత్రం ఎక్కువ పోయించే మందు, వాపు తగ్గించే నొప్పి గోలి, ఈ మూడూ కలిస్తే కిడ్నీ ఒక్కసారిగా చతికిలపడే ప్రమాదముందని డాక్టర్లకు బాగా తెలుసు. బీపీ గోలిలో మొదటి రెండూ తరచు ఒకే బిళ్లలో కలిసి ఉంటాయి. మూడోది షాపులో అడగకుండానే దొరుకుతుంది.

ఇంకొకటి నల్లగొండ జిల్లాలో ముఖ్యంగా చూడాల్సింది. మర్రిగూడ వైపు ఊళ్లలో తరాల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు బిగుసుకుపోయినవాళ్లు ఉన్నారు. ఫ్లోరైడ్ తీసేందుకు నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందించిన పద్ధతికి నల్లగొండ పేరే పెట్టారు. అలాంటి ఇళ్లలో పెద్దల కీళ్లనొప్పులకు తెచ్చిన గోలీలు ఎప్పుడూ ఉంటాయి. "అవ్వ మోకాళ్ల గోలి ఒకటి తెచ్చుకో బిడ్డా" అని తలనొప్పికి అదే ఇస్తారు. అవ్వకు డాక్టరు ఆమె వయసు, కిడ్నీ చూసి రాసిన మందు అది. తలనొప్పికి అంత మోతాదు అక్కర్లేదు.

వానకాలంలో జ్వరంతో కలిసి వచ్చే తలనొప్పికి లెక్క మరీ ఖచ్చితం. డెంగీ కావచ్చన్న అనుమానం ఉన్నన్నాళ్లు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ఏవీ వద్దు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నప్పుడు ఇవి రక్తస్రావాన్ని పెంచుతాయి. పారాసిటమాల్ ఒక్కటే. గర్భిణులకు కూడా, ముఖ్యంగా ఐదో నెల దాటాక, వాపు తగ్గించే గోలీలు డాక్టరు చెప్పనిదే వేసుకోవద్దు. పిల్లలకు ఆస్పిరిన్ వద్దే వద్దు.

బామ్, చాయ

తెలుగువాళ్లకు తలనొప్పి అంటే మొదట గుర్తొచ్చేది గోలి కాదు, అమృతాంజనం. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో మొదలుపెట్టారు. దాని మీద వచ్చిన డబ్బుతోనే 1908లో ఆంధ్రపత్రిక మొదలుపెట్టారు. బామ్ రాస్తే నిజంగా తగ్గుతుందా అని వెక్కిరించేవాళ్లకు ఒక జర్మన్ పరీక్ష జవాబు. 1996లో ప్రచురించిన ఆ పరీక్షలో నుదుటికీ కణతలకూ పది శాతం పుదీనా నూనె రాస్తే 1000 మిల్లీగ్రాముల పారాసిటమాల్‌తో సమానంగా టెన్షన్ తలనొప్పి తగ్గింది. చిన్న పరీక్షే, బామ్‌లో ఉండేదీ పుదీనా నూనె ఒక్కటే కాదు. అయినా కడుపుకూ కిడ్నీకీ పోని వైద్యం కాబట్టి ముందు రాసి చూడటంలో నష్టం లేదు. చట్టం కూడా దాన్ని తేలికగానే చూసింది. జనాభా వెయ్యి దాటని ఊళ్లలో నొప్పి బామ్‌లు, పారాసిటమాల్, ఆస్పిరిన్ గోలీలు లైసెన్సు లేని కిరాణా కొట్లో కూడా అమ్మవచ్చు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, నిమెసులైడ్ మాత్రం చీటీ మీదే అమ్మాలి. రాసింది అలాగే ఉంది, జరిగేది అందరికీ తెలుసు.

చాయలోని కెఫీన్ నొప్పి మందుకు కొంత బలమిస్తుంది. సారిడాన్ వంటి గోలీల్లో దాన్ని కలిపేది అందుకే. కానీ రోజుకు ఆరేడు చాయలు తాగేవాళ్లకు ఒక పూట చాయ తప్పితేనే తల పట్టేస్తుంది. కెఫీన్ కలిసిన గోలి అలవాటైతే అదే తంటా రెండింతలు.

రోజులు లెక్కపెట్టండి

అన్నిటికన్నా ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టే సంగతికి ఇప్పుడు వస్తున్నాను. తలనొప్పి గోలి అతిగా వాడితే తలనొప్పే తెస్తుంది. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ వంటి ఒంటి మందును నెలలో పదిహేను రోజులు, రెండు మూడు మందులు కలిపిన గోలిని పది రోజులు, మూడు నెలలకు మించి వాడితే మెదడు ఆ మందుకు అలవాటు పడుతుంది. మందు ప్రభావం దిగగానే నొప్పి మొదలవుతుంది. మనిషి ఇంకో గోలి వేసుకుంటాడు. "పొద్దున లేవంగనే గోలి వేసుకుంటే గాని పని నడవదు" అనేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. వాళ్లకు కావలసింది ఇంకా గట్టి గోలి కాదు, ఆ గోలి మానడం. మానిన మొదటి వారం పది రోజులు నొప్పి పెరుగుతుంది. దానికి సిద్ధపడి, డాక్టరు సాయంతో మానాలి. రోజూ వచ్చే టెన్షన్ తలనొప్పికి రాత్రిపూట చిన్న మోతాదు ఎమిట్రిప్టిలిన్ వంటి వేరే మందులున్నాయి. అవి నొప్పి రాకుండా చూసేవి, వచ్చాక వేసుకునేవి కావు. నిద్ర సరిచేసుకోవడం, మెడకు పని మధ్యలో విశ్రాంతి, వ్యాయామం వాటికి తోడు కావాలి.

నా తీర్పు అడిగితే: నెలకు ఒకటి రెండుసార్లు వచ్చే తలనొప్పికి మొదట బామ్, నీళ్లు, కాస్త నిద్ర. తగ్గకపోతే పారాసిటమాల్ సరైన మోతాదులో. దానికీ తగ్గక, కడుపులో పుండు, కిడ్నీ, గుండె జబ్బులు లేకపోతే ఏదో తిన్నాక ఐబుప్రొఫెన్ 400. అక్కడితో ఆగాలి. ఒకే మందున్న గోలి వేసుకుంటే ఎంత వేసుకున్నామో తెలుస్తుంది. వారంలో రెండు రోజులకు మించి గోలి అవసరమవుతుంటే చూపించుకోవాలి. నార్కట్‌పల్లిలో కామినేని వైద్య కళాశాల ఆసుపత్రి, బీబీనగర్‌లో ఎయిమ్స్ ఈ చుట్టుపక్కలే ఉన్నాయి.

షాపులో గోలీలు కత్తిరించి ఇస్తుంటే మందు పేరు, గడువు తేదీ ఉన్న ముక్క అడిగి తీసుకోండి. వాడిన రోజున గోడ క్యాలెండరులో ఒక గీత పెట్టండి, డాక్టరు మొదట అడిగేది ఆ గీతల సంగతే. ఇదివరకెన్నడూ లేనంత తీవ్రంగా ఒక్కసారిగా తల పగిలినట్టు నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ బిగుసుకున్నా, మూతి వంకర పోయినా, చెయ్యో కాలో పడిపోయినా, మాట తడబడినా, తలకు దెబ్బ తగిలాక నొప్పి పెరుగుతున్నా, యాభై దాటాక కొత్తరకం తలనొప్పి మొదలైనా ఏ గోలీ వెతకవద్దు. యాభై దాటినవాళ్లు ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి. మిగిలినవాటికి వెంటనే 108కి ఫోన్ చేయండి.